పదకొండు డాలర్ల కేచర్

ఆ పదిమంది మగాళ్ళ మీద బెర్నడీన్‌కి ఉన్న కాస్త గౌరవమూ మొదటి ఏడాదే ఊడిపోయింది. తర్వాతి పదమూడేళ్ళూ ఆవిడ వాళ్ళని భరించింది, అంతే. ఏటా మార్చి ఆఖరి శనివారం, అమెరికాలో ఈరీ అనే ఊళ్ళో, జనం బంతి దొర్లించి ఆడుకునే బౌలింగ్ ఆలీ వెనకగదిలో, పొద్దున తొమ్మిదింటికల్లా జుట్టు ఊడినవాళ్ళూ బొజ్జలు జారినవాళ్ళూ ఒక బల్ల చుట్టూ చేరి బేస్‌బాల్ ఆటగాళ్ళని వేలంపాటలో కొనుక్కుంటారు. నిజంగా కొనేదేమీ లేదు. వీళ్ళు భూమ్మీద ఉన్నారన్న సంగతే ఆ ఆటగాళ్ళకి తెలీదు. ఒక్కొక్కడికి రెండువందల అరవై ఉత్తుత్తి డాలర్లు. వాటితో ఇరవైముగ్గురిని పాడుకోవాలి. వేసవంతా ఆ ఇరవైముగ్గురూ నిజం మైదానాల్లో ఎంత బాగా ఆడితే ఇక్కడ వీడి కాగితం మీద అన్ని మార్కులు పడతాయి. సెప్టెంబరు ఆఖరికి ఎవడికి ఎక్కువ వస్తే వాడు మొనగాడు. మొనగాడికిచ్చే బహుమానం ఒక పాత ఇత్తడి ఉమ్మితొట్టి. దానికోసం పెళ్ళాం ఆపరేషన్ తేదీ మార్పించినవాడు ఉన్నాడు ఆ గదిలో.

బెర్నడీన్‌కి జట్టు లేదు. ఆవిడ పాట నడిపే మనిషి. మొదటి ఏడాది ఎవడి పాట ముందు వినపడిందన్న దానిమీద ఇద్దరు పెద్దమనుషులు కాలర్లు పట్టుకున్నారు. దాంతో ఎవరి పక్షమూ కాని మనిషి, గొంతున్న మనిషి కావాలనుకున్నారు. ఇరవై ఆరేళ్ళు బళ్ళో మధ్యాహ్న భోజనం వడ్డించి, నాలుగొందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు ఆవిడది. పిల్లలే నయం. వాళ్ళు కనీసం ఆకలేసి అరిచేవాళ్ళు. పాట విషయంలో ఆవిడ మాటే ఆఖరని నిబంధనల పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం రాసింది ఆవిడ మొగుడు నోర్బర్ట్ విష్నెవ్‌స్కీ.

నోర్బర్ట్ రైలింజన్ల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు ధరలు కట్టిన మనిషి. బోల్టు ఎంతకు పడుతుంది, తలుపు ఎంతకు పడుతుంది, ఇంజనంతా కలిపి ఎంతకు అమ్మితే కంపెనీ మునగదు, ఇదీ ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక మనుషులకి కట్టడం మొదలుపెట్టాడు. క్రిస్మస్ చెట్టు తీసేసిన మర్నాటి నుంచి భోజనాల బల్ల ఆయనది. మొగుడూ పెళ్ళాం మూడు నెలలు వంటింట్లో నిలబడి తినాలి. మార్చి నాటికి నలభై రెండు పేజీల జాబితా తయారవుతుంది. అందులో ఆరొందల మంది ఆటగాళ్ళు, ప్రతివాడి పక్కనా ఒక ధర. పేరు చూడకు, మొహం చూడకు, అంకె చూడు అని ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్తాడు. మిగతా తొమ్మిదిమందీ వెధవలని ఆయన గట్టి అభిప్రాయం. ఆ ఒక్క విషయంలో మొగుడూ పెళ్ళాలకి ఏనాడూ పేచీ రాలేదు.

కానీ ఈ ఏడాది ఆ ఆరొందల మందిలో వాళ్ళ కొడుకున్నాడు.

టాడ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. కేచర్. అంటే బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని, రోజంతా ఆ బంతిని చేత్తోనో, తప్పితే ఒంటితోనో ఆపేవాడు. తొమ్మిదేళ్ళు కింది జట్లలో, బస్సుల్లో, చవక హోటళ్ళలో గడిపాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. కుడిచేతి రెండు వేళ్ళు వంకరపోయాయి. ఈ వసంతంలో పెద్ద జట్టువాళ్ళు ఫ్లోరిడా శిక్షణకి పిలిచారు. అక్కడ వాళ్ళ రెండో కేచర్ మడమ విరగ్గొట్టుకున్నాడు. గురువారం టాడ్ ఫోన్ చేసి, జాబితాలో నా పేరుందమ్మా, సోమవారం నుంచి ఆటలు అన్నాడు. బెర్నడీన్ వంటింట్లో నేలమీద కూలబడి ఏడ్చింది. నోర్బర్ట్ ఫోన్ తీసుకుని, వారానికి ఎన్ని ఆటలు ఆడిస్తామన్నారు అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ కేచర్ల పేజీ తీసి చూసింది. అట్టడుగున టాడ్ పేరుంది. పక్కన సున్నా. వాడికి సరిగ్గా పైన ముప్పై తొమ్మిదేళ్ళ ముసలాడొకడు. నిరుడు జూన్‌లో తుంటి పట్టేసి ఇంటికెళ్ళిపోయినవాడు. వాడికి ఒక డాలరు.

నోర్బర్ట్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆవిడ ఆ పేజీ పట్టుకునే నిలబడి ఉంది.

"ఒక్క డాలరు పెట్టు నోర్బర్ట్. మన ఇరవైముగ్గురిలో వాడొకడు. ఏం పోయింది?"

"డాలరు కాదు పోయేది, జాగా. వాడు వారానికి ఒకసారి ఆడతాడు. ఆ జాగాలో ఇంకెవడున్నా నాకు పది పరుగులు ఎక్కువొస్తాయి."

"నేను లెక్క అడగలేదు."

"మరేం అడిగావు?" అన్నాడు ఆయన. నిజంగానే అర్థం కాక అడిగాడు.

అదీ బెర్నడీన్ బాధ. పిల్లాడు ఎనిమిదేళ్ళప్పుడు మొదటి బంతి పట్టిన దగ్గర్నుంచీ ఆ మనిషి వాడి గురించి సగటులు చెప్పాడు, శాతాలు చెప్పాడు, బాగా ఆడావురా అని మాత్రం ఒక్కనాడు అన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఆ వెనకగదిలో, ఆ తొమ్మిదిమంది వెధవల ముందు, ఆయన నోరు తెరిచి కొడుకు పేరు చెప్పాలి, వాడిమీద పాట పెట్టాలి. ఒక్క డాలరు చాలు. ఆ కబురు తన నోటితో టాడ్‌కి చెప్పాలి. ఇంతకు మించి ఆవిడ ఆ మార్చిలో దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

శనివారం పొద్దున సముద్రమంత సరస్సు మీంచి వచ్చిన మంచు కారు అద్దాల మీద గడ్డకట్టింది. బెర్నడీన్ అరగంట గీకింది. కారు ఆవిడే నడిపింది. నోర్బర్ట్ పక్కన కూర్చుని దారంతా పేజీలు తిప్పాడు.

పాట ఎప్పటిలాగే మొదలైంది, ఎప్పటిలాగే ఆవిడకి అరగంటలో ఒళ్ళు మండింది. పద్ధతి ఇది. వరసలో ఎవడి వంతు వస్తే వాడు ఒక ఆటగాడి పేరు చెప్పి ఒక డాలరుతో పాట మొదలుపెడతాడు. కావలసినవాళ్ళు పెంచుతారు. ఆవిడ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గోడమీది పెద్ద కాగితంలో రాసేస్తుంది. పళ్ళ డాక్టరు లుట్జ్ నవ్వు బాగున్నవాళ్ళకి ధర ఎక్కువ పెడతాడు, ఆ సంగతి ఒప్పుకోడు. శవపేటికల హోవీ నిరుడు ఎవడు గొప్పగా ఆడాడో వాణ్ణే ఈ ఏడూ కొంటాడు, చచ్చినవాళ్ళతో వ్యాపారం చేసి చేసి జరిగిపోయినదానికే విలువిస్తాడు కాబోలు. ఇక డ్వెయిన్ క్లింగర్ ఉన్నాడు. చలికాలం ఇళ్ళని వెచ్చబెట్టే కొలుములు బాగుచేస్తాడు. తనకి కావలసినవాణ్ణి కొనుక్కోవడం కంటే ఎదుటివాడికి కావలసినవాడి ధర పెంచి వాడు గిలగిల్లాడుతుంటే చూడటం డ్వెయిన్‌కి ఎక్కువ ఇష్టం. ఒక్కోసారి ఎదుటివాడు చటుక్కున ఆపేస్తే, పెంచిన సరుకు డ్వెయిన్ నెత్తినే పడుతుంది. అయినా బుద్ధి రాదు.

నోర్బర్ట్ కాఫీ కూడా ముట్టలేదు. మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తుందని ఆయన పాట రోజు కాఫీ తాగడు. తన ధరకి ఒక్క డాలరు దాటినా చెయ్యి దించేస్తాడు. దించేటప్పుడు ముక్కుతో చిన్న శబ్దం చేస్తాడు. ఆ శబ్దం వింటే బెర్నడీన్‌కి ముప్పై ఏళ్ళుగా కారం పూసినట్టుంటుంది.

ఆ ఏడాది అందరికీ కావలసింది డెషాన్ ప్రూట్ అనే పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. వాడి పేరు మాత్రం పొద్దుట్నుంచీ ఎవడూ ఎత్తలేదు. అవతలివాళ్ళ డబ్బు కరిగాక ఎత్తుదామని పదిమందీ ఊరుకున్నారు. అందరూ ఒకే ఎత్తు వేసి, ఎవడికివాడు తనకే తట్టిందనుకుని మురిసిపోతున్నారు.

పన్నెండు కావస్తుండగా నోర్బర్ట్ వంతు వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"టాడ్ విష్నెవ్‌స్కీ," అన్నాడు. "ఒక డాలరు."

బెర్నడీన్ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడకి పేరు అందుకోవడానికి రెండు క్షణాలు పట్టింది.

"టాడ్ విష్నెవ్‌స్కీ, కేచర్. ఒక డాలరు నోర్బర్ట్ పాట. ఒకటోసారి," అంది.

"రెండు," అన్నాడు డ్వెయిన్, పళ్ళికిలిస్తూ.

"మూడు," అన్నాడు నోర్బర్ట్ వెంటనే.

అంతే, గది మొత్తానికి ప్రాణం లేచొచ్చింది. నలభై రెండు పేజీల నోర్బర్ట్, అంకె చూడమనే నోర్బర్ట్, కొడుకు మోజులో పడి జారుతున్నాడు. ఇంతకంటే సంబరం ఏముంటుంది వాళ్ళకి? లుట్జ్ నాలుగన్నాడు. నోర్బర్ట్ అయిదు. డ్వెయిన్ ఆరు. తండ్రి ప్రేమని ఎంతదాకా పిండొచ్చో చూద్దామని తీరిగ్గా కూర్చున్నారు. ఒక్కొక్క డాలరు పెరుగుతుంటే ఒకడి మోచేయి ఒకడు పొడుచుకుంటున్నారు. ఛీ, వీళ్ళూ మనుషులేనా అనుకుంది బెర్నడీన్. అనుకుంటూనే ఆవిడ కళ్ళు మొగుడి చేతిని వదల్లేదు. తొమ్మిది దగ్గర ఆ చెయ్యి వణికింది. పదకొండు అన్నప్పుడు గొంతు కూడా వణికింది.

"పన్నెండు," అన్నాడు డ్వెయిన్.

నోర్బర్ట్ భార్య వైపు చూశాడు. తల అడ్డంగా ఊపి, మెల్లగా చెయ్యి దించాడు. ముక్కుతో శబ్దం చెయ్యలేదు.

ఆవిడ మూడోసారి అనడానికి చాలా సేపు తీసుకుంది. ఆయన మళ్ళీ చెయ్యెత్తలేదు. డ్వెయిన్ క్లింగర్, పన్నెండు డాలర్లు అని రాసింది. అప్పటికి గానీ డ్వెయిన్‌కి తన చేతిలో ఏం మిగిలిందో బోధపడలేదు. వారానికొక్క ఆట ఆడే కేచర్‌కి పన్నెండు పోసిన మొనగాణ్ణి చూసి మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు.

బెర్నడీన్‌కి ఆ నవ్వులు చెవికెక్కలేదు. పదకొండు! సున్నా రాసిన మనిషి పదకొండు దాకా వెళ్ళాడు. చెయ్యి వణుకుతుంటే కూడా వెళ్ళాడు. భోజనాల వేళ పెప్పరోని ఉండలు, లోపల మాంసం పెట్టి కాల్చిన రొట్టె ఉండలు, తనే వేడిచేసి తెచ్చింది. పిండి బాగా పొంగి ఎర్రగా కాలినవి ఏరి ముందు ఆయన పళ్ళెంలో పెట్టింది. ఆయన భుజంమీద చెయ్యివేసి కాసేపు అలాగే ఉంచింది. ఆయన ఒకటి నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిపోయింది అన్నాడు. ఎన్నేళ్ళుగా ఈ మనిషిని తప్పుగా అంచనా కట్టానో అని ఆవిడకి సిగ్గేసింది కూడా.

రెండుంబావుకి నోర్బర్టే ప్రూట్ పేరెత్తాడు. అప్పటికి ఆ పిచ్చర్‌ని కొనగల స్థితిలో మిగిలింది ఇద్దరే, ఆయనా డ్వెయినూ. నోర్బర్ట్ దగ్గర నలభై ఒక్క డాలర్లున్నాయి, నాలుగు ఖాళీలున్నాయి. కొన్నాక మిగిలే ఒక్కో ఖాళీకీ ఒక డాలరు అట్టేపెట్టుకోవాలన్నది నియమం. డ్వెయిన్ ముప్పై ఏడు దాకా వచ్చి, వేళ్ళమీద రెండుసార్లు లెక్కపెట్టుకుని, మొహం గంటుపెట్టుకుని ఆగిపోయాడు. ముప్పై ఎనిమిదికి ప్రూట్ నోర్బర్ట్‌కి పోయాడు. నోర్బర్ట్ కాగితం మీద టిక్కు పెట్టి, ఆ రోజుకి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. మొగుడికి కావలసింది దొరికిందని బెర్నడీన్ కూడా సంతోషించింది. అంత పిచ్చిది.

అప్పుడే కౌంటర్ దగ్గరుండే మనిషి తలుపు తోసి, ఫ్లోరిడా నుంచి మీకు ఫోన్ అన్నాడు. బెర్నడీన్ అయిదు నిమిషాలు ఆగమని చెప్పి దాదాపు పరిగెత్తింది.

"అమ్మా," అన్నాడు టాడ్. "నాన్న చెప్పాడా?"

"ఆయనేం చెప్తాడు, నేను చెప్తా విను. నిన్ను పదకొండు దాకా పాడాడురా! ఆయనే పేరెత్తాడు, ఆయనే పెంచాడు. ఆ డ్వెయిన్ గాడు అడ్డం పడకపోతే కొనేసేవాడే. చెయ్యి వణికింది టాడ్. నా కళ్ళతో నేను చూశాను."

"అది ఎన్ని గంటలకి?" అన్నాడు వాడు.

"అప్పటికి పన్నెండు కావస్తోంది. ఏం?"

"నన్ను తీసేశారమ్మా. పొద్దున ఆరున్నరకి పిలిచి చెప్పారు. ఇంకెవడో కేచర్‌ని తెచ్చుకున్నారు. ఏడింటికి ఇంటికి ఫోన్ చేశాను. నువ్వు బయట కారు గీకుతున్నావని నాన్న చెప్పాడు. లోపలికి రాగానే అమ్మని నాకు చెయ్యమను అన్నాను. సరే అన్నాడు. పొద్దుట్నుంచీ ఈ గదిలో ఫోన్ పక్కనే కూర్చున్నాను."

ఏడు నుంచి రెండున్నర దాకా. ఆవిడ పెప్పరోని ఉండలు వేడిచేస్తున్నప్పుడు వాడు ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. కొడుకు పేరు పలకలేక ఆవిడ నోరు తెరిచి నిలబడ్డప్పుడు ఇటు ఆయనకి ఆ సంగతి తెలుసు.

"ప్రూట్ ఎవరికి పోయాడు?" అన్నాడు టాడ్. వాడు ఆ నలభై రెండు పేజీల మధ్య పెరిగినవాడు.

"మీ నాన్నకి. ముప్పై ఎనిమిది."

"డ్వెయిన్ ఎక్కడ ఆగాడు?"

"ముప్పై ఏడు."

"మంచి లెక్క," అన్నాడు వాడు. "నన్ను పన్నెండుకి వాడికి అంటగట్టకపోతే ప్రూట్ దక్కేవాడు కాదు."

అప్పుడు బెర్నడీన్‌కి ఆ వణుకు అర్థమైంది. డ్వెయిన్ పన్నెండు అనకపోతే కొడుకు తన మీద పడతాడని ఆ వణుకు. నిప్పు మీద చెయ్యి పెట్టినవాడి వణుకు. దాన్ని చూసి ఆవిడ ఏరి ఏరి ఎర్రగా కాలినవి వడ్డించింది. ఆవిడకి మొగుడి మీద కన్నా తన మీద ఎక్కువ అసహ్యం వేసింది.

తర్వాత ఏం చేస్తావని అడిగితే, కింది జట్టు బస్సు ఆరింటికి ఉంది, ఎక్కాలో వద్దో తేల్చుకోలేదు అన్నాడు. ఆ గది నంబరు రాసుకుని, పావుగంటలో చేస్తాను, కదలకు అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

వెనకగదిలోకి వెళ్ళి గోడమీది కాగితం పక్కన నిలబడింది. టాడ్‌ని పొద్దున్నే జట్టులోంచి తీసేశారు, వాడు ఏడింటికే నోర్బర్ట్‌కి ఫోన్ చేసి చెప్పాడు అంది. ఆ రెండు ముక్కలే. గొంతు పెంచలేదు.

ఎవరో ఒకరు అడుగుతారని చూసింది. పిల్లాడెలా ఉన్నాడు అని. వీళ్ళందరూ వాణ్ణి ఎత్తుకున్నవాళ్ళే. పద్నాలుగేళ్ళప్పుడు వాడు ఇదే గదిలో బల్లకింద కూర్చుని వీళ్ళ బూట్ల లేసులు ఒకదానికొకటి ముడేసేవాడు. మనసులోనే ఒకటోసారి అనుకుంది. రెండోసారి అనుకుంది.

లుట్జ్ ఈలవేశాడు. "ఒరేయ్ నోర్బ్, నువ్వు మనిషివి కాదురా," అన్నాడు. తిట్టలేదు. మెచ్చుకున్నాడు. ఇంకొకడు చప్పట్లు కొట్టాడు. బల్ల అవతల్నుంచి ఒక చెయ్యి వచ్చి నోర్బర్ట్ వీపు తట్టింది. నోర్బర్ట్ వద్దు వద్దన్నట్టు తలూపుతూనే ఆ మెప్పు మొత్తం పుచ్చుకున్నాడు. డ్వెయిన్ మాత్రం కుర్చీ తన్నేసి లేచి, నా పన్నెండు నాకు కక్కమను, ఇది దొంగపాట అని అరిచాడు. దొంగపాటేం కాదు, పొద్దుటి పేపర్లో వాడి పేరుంది, పేపర్లో ఉంటే పాటకి చెల్లుతుంది అని నోర్బర్ట్ అన్నాడు. దాంతో పదిమందీ పుస్తకం మీద పడ్డారు. ఇంట్లోవాళ్ళకి తెలిసిన కబురు దాచొచ్చా, దాస్తే అది తెలివా మోసమా, కబురు అందింది పేపరు అచ్చయ్యాకనా ముందా. గొడవంతా అదే. టాడ్ అనే పేరు ఇరవైసార్లు వినిపించింది. వాడి గురించి ఒక్క మాట వినిపించలేదు.

మూడోసారి కూడా అయిపోయింది బెర్నడీన్ మనసులో.

చివరికి హోవీ చేతులు ముడుచుకుని, శవం ముందు మాట్లాడే గొంతుతో అన్నాడు. "బెర్నడీన్ గారూ, మీరే తేల్చాలి. పాట చెల్లుతుందంటే డ్వెయిన్ భరిస్తాడు. చెల్లదంటే, ఇక్కడ రాసి ఉంది, ఆటగాడు కింది పాటవాడికి పోతాడు, వాడు చెప్పిన ధరకే."

నోర్బర్ట్ తలెత్తాడు. ఆయన రాసిన వాక్యమే అది. ఎక్కడికి దారితీస్తుందో ఆ గదిలో అందరికంటే ముందు ఆయనకే తెలిసింది.

"బెర్నీ," అన్నాడు మెల్లగా.

"డ్వెయిన్ పాట చెల్లదు," అంది ఆవిడ. "కింది పాట నోర్బర్ట్‌ది. పదకొండు."

"అప్పుడు ప్రూట్‌కి నా దగ్గర చాలదు."

"చాలదు. ప్రూట్‌ని మళ్ళీ పాటకి పెట్టుకోండి."

ఆయన మొహం ఎర్రబడింది. పద్నాలుగేళ్ళలో ఆ గదిలో నోర్బర్ట్ గొంతు లేవడం ఎవరూ వినలేదు. "పదకొండా? బుద్ధుండే మాట్లాడుతున్నావా? వాడు ఒక్క డాలరు చెయ్యడు! ఏనాడూ చెయ్యలేదు, ఇకముందూ చెయ్యడు! అది నీకూ తెలుసు!"

అప్పుడు డ్వెయిన్ కూర్చున్నాడు. లుట్జ్ పళ్ళెంలోకి చూశాడు. బెర్నడీన్ మార్కర్ తీసి డ్వెయిన్ వరసలో టాడ్ పేరు కొట్టేసింది. నోర్బర్ట్ వరసలో ప్రూట్‌ని కొట్టేసి, ఆ గడిలో కొడుకు పేరు పూర్తిగా, పొడి అక్షరాల్లో కాకుండా రాసి, పక్కన పదకొండు వేసింది. మార్కర్‌కి మూతపెట్టి బల్లమీద పడేసింది. మిగతా పాట మీరే ఏడవండి అని చెప్పి కోటు తీసుకుని బయటికి నడిచింది.

ఫోన్ మొదటి మోతకే ఎత్తాడు టాడ్.

"నువ్వు మీ నాన్న జట్టులో ఉన్నావు," అంది. "పదకొండు డాలర్లు."

"ప్రూట్?"

"పోయాడు."

వాడు నవ్వాడు. మొదట ఉబ్బసం మనిషిలా ఆగి ఆగి, తర్వాత పగలబడి నవ్వాడు. ఆవిడ కౌంటర్ మీద మోచేతులానించి, వాడు నవ్వినంతసేపూ వింది. నవ్వు ఆగాక వాడు అడిగాడు.

"నా గురించి ఏమన్నా అన్నాడా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"అన్నాడు. ఒక్క డాలరు కూడా చెయ్యవన్నాడు, అందరి ముందూ."

"ఆయన లెక్క తప్పదు కదమ్మా."

"తప్పదు," అంది బెర్నడీన్. "తప్పకుండానే బతికాడు, అలాగే చస్తాడు. నువ్వు ఆ బస్సు ఎక్కకు. రేపు సాయంత్రానికల్లా నేనక్కడ ఉంటాను."

"కారులోనా? అంత దూరం ఒక్కదానివే? మరి నాన్న ఇంటికెలా వెళ్తాడు?"

ఆవిడ అప్పటికే తాళాలు చేతిలోకి తీసుకుంది. వెనకగది తలుపు అవతల ప్రూట్ పాట మళ్ళీ మొదలైంది. అందరికంటే గట్టిగా వినిపిస్తున్నది నోర్బర్ట్ గొంతే.

"డ్వెయిన్‌ని అడుక్కోమను," అంది.